వాట్సాప్ వాయిస్ కాల్ కలవనప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాట్సాప్‌లో వాయిస్ కాల్ సౌకర్యం 2015లో వచ్చింది. అప్పటి నుంచి విదేశాల్లో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి ఐఎస్‌డీ కార్డులు కొనే అవసరం తెలుగు ఇళ్లలో దాదాపు తప్పిపోయింది. కాల్ కలవనప్పుడు ఏం చేయాలని అడిగితే మాత్రం, ‘ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అన్న సలహాను దాటి ఎవరూ ముందుకు వెళ్లడం లేదు. కాల్ ఏ దశలో ఆగిపోయిందో గమనిస్తే కారణం చాలావరకు తేలిపోతుంది. అందుకే కింది ప్రశ్నలు కూడా అదే వరుసలో ఉన్నాయి: మొదట అవతలి ఫోన్ మోగకపోవడం, తరువాత ఎత్తినా లైను కలవకపోవడం, ఆ తరువాత కలిసినా మాట నిలవకపోవడం.

మెసేజ్‌లు వెళ్తున్నాయి, ఫొటోలు వస్తున్నాయి. కాల్ మాత్రం ఎందుకు కలవడం లేదు?

ఈ ప్రశ్న వెనుక, మెసేజ్ వెళ్లిందంటే ఇంటర్నెట్ బాగున్నట్టేనన్న నమ్మకం ఉంది. అది సగమే నిజం. మెసేజ్ నాలుగు సెకన్లు ఆలస్యంగా చేరినా ఎవరికీ తెలియదు, దారిలో ఒక ముక్క పోతే ఫోనే దాన్ని మళ్లీ పంపుతుంది. మాటకు ఆ వెసులుబాటు లేదు. మీ గొంతు సెకనుకు పదుల సంఖ్యలో చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి వెళ్తుంది. వాటిలో ఆలస్యమైన ప్యాకెట్, పోయిన ప్యాకెట్ రెండూ ఒకటే, ఎందుకంటే ఆ మాట చెప్పాల్సిన క్షణం దాటిపోయింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 అనే సిఫార్సులో, ఒక వైపు నుంచి మరో వైపుకు మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సహజంగా సాగుతుందని, 400 మిల్లీసెకన్లు దాటితే నెట్‌వర్క్ అందుకు తగినది కాదని చెప్పింది.

పైగా ఈ రెండూ వెళ్లే పద్ధతులు కూడా వేరు. మెసేజ్‌లు ప్రతి ముక్కకూ రసీదు అడిగే టీసీపీ పద్ధతిలో వెళ్తాయి, మాట ఎక్కువగా రసీదు కోసం ఆగని యూడీపీ పద్ధతిలో వెళ్తుంది. కొన్ని నెట్‌వర్క్‌లు మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని అడ్డుకుంటాయి. కాబట్టి మెసేజ్ కింద రెండు టిక్కులు పడటం కాల్ కలుస్తుందనడానికి రుజువు కాదు.

తెరపై ఒకసారి ‘కాలింగ్’ అని, ఒకసారి ‘రింగింగ్’ అని కనిపిస్తుంది. రెండింటికీ తేడా ఉందా?

ఉంది, అన్నిటికంటే ముందు చూడవలసింది దాన్నే. ‘కాలింగ్’ అని మాత్రమే ఉంటే మీ కబురు వాట్సాప్ సర్వర్ వరకు వెళ్లి ఉండవచ్చు గానీ, అవతలి ఫోన్‌కు ఇంకా అందలేదు. ‘రింగింగ్’ అని మారితే అవతలి ఫోన్‌కు కబురు చేరింది, ఇక ఎత్తడమే మిగిలింది. ‘కాలింగ్’ దగ్గరే ఆగిపోయే కాల్‌కు మీ ఫోన్‌లో ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా ప్రయోజనం తక్కువ, మరొకరికి చేస్తే వెంటనే ‘రింగింగ్’ వస్తున్నప్పుడు అసలే ఉండదు. అప్పుడు వెతకవలసింది అవతలి ఫోన్‌లో.

ఒక్కరికే ఎప్పుడూ ‘కాలింగ్’ దాటకపోతే, వారు మీ నంబరును బ్లాక్ చేసి ఉండే అవకాశమూ ఉంది. ఆ సంగతి తేల్చి చెప్పే గుర్తు ఏదీ వాట్సాప్ చూపించదు. బ్లాక్ చేసినవారి గోప్యత కోసం దాన్ని కావాలనే అలా ఉంచారు.

మా అమ్మగారి ఫోన్ మోగదు. ఆమె వాట్సాప్ తెరిచాకే మిస్డ్ కాల్ కనిపిస్తుంది. ఎందుకు?

ఆండ్రాయిడ్ ఫోన్లలో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే, దీనికి మూలం బ్యాటరీ పొదుపు. ఆండ్రాయిడ్ 6.0తో 2015లో ‘డోజ్’ అనే ఏర్పాటు వచ్చింది. ఫోన్‌ను కదపకుండా, తెర ఆపి కాసేపు పక్కన పెడితే యాప్‌లను నిద్రపుచ్చడం దాని పని. కాల్ వంటి అత్యవసర కబుర్లు గూగుల్ నోటిఫికేషన్ సేవ ద్వారా వచ్చి యాప్‌ను లేపే వీలు ఆ ఏర్పాటులోనే ఉంది కాబట్టి, డోజ్ ఒక్కటే అయితే పెద్దగా నష్టం లేదు. ఫోన్ తయారీ సంస్థలు బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుందని చెప్పుకోవడానికి దానిపై తమ సొంత నియంత్రణలు చేర్చాయి, చిక్కు అక్కడే వస్తోంది. అవి యాప్‌ను నిద్రపుచ్చడంతో ఆగవు, పూర్తిగా మూసేస్తాయి.

షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో వాట్సాప్‌కు ‘ఆటోస్టార్ట్’ అనుమతి ఉందో లేదో చూడండి, యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను ‘నో రిస్ట్రిక్షన్స్’కు మార్చండి. శామ్‌సంగ్‌లో ‘స్లీపింగ్ యాప్స్’, ‘డీప్ స్లీపింగ్ యాప్స్’ అనే రెండు జాబితాలుంటాయి. వాటిలో వాట్సాప్ ఉంటే తీసేయండి. వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో బ్యాటరీ విభాగంలో ‘బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ’ అన్న అనుమతి పేరు మోడల్‌ను బట్టి కొంచెం అటూఇటూగా ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. దానితో పాటు యాప్ మొబైల్ డేటా పేజీలో ‘బ్యాక్‌గ్రౌండ్ డేటా’ ఆన్‌లో ఉందో లేదో, డేటా సేవర్ నుంచి వాట్సాప్‌కు మినహాయింపు ఉందో లేదో కూడా చూడాలి.

ఇంకొకటి ఉంది. ఫోన్ ‘స్లో అవుతోంది’ అని ఎవరో వేసి ఇచ్చిన క్లీనర్, బూస్టర్ యాప్‌లు పెద్దవాళ్ల ఫోన్లలో తరచుగా కనిపిస్తాయి. అవి గంటకోసారి యాప్‌లన్నిటినీ మూసి ‘మెమరీ ఖాళీ చేశాం’ అని చూపిస్తాయి. ఈ తరహా యాప్ వల్ల ఫోన్‌కు ఒరిగేదేమీ లేదు. దాన్ని తీసేస్తే చాలాసార్లు ఫోన్ మళ్లీ మోగడం మొదలవుతుంది.

డు నాట్ డిస్టర్బ్, నోటిఫికేషన్ అనుమతి, రింగ్ శబ్దం కూడా చూడవలసినవే. అయితే అవి అడ్డుపడినప్పుడు శబ్దమే రాదు గానీ, కాల్ చేసినవారికి ‘రింగింగ్’ అనే కనిపిస్తుంది. బ్యాటరీ నియంత్రణ అడ్డుపడితే ‘కాలింగ్’ దగ్గరే ఉండిపోతుంది.

కొత్త నంబరు తీసుకున్నాను. ఎవరికి చేసినా మోగడం లేదంటున్నారు.

2023లో వాట్సాప్ ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ అనే ఏర్పాటు తెచ్చింది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో కాల్స్ విభాగంలో అది ఉంటుంది. విదేశీ కోడ్‌లతో మోసపు కాల్స్ విపరీతంగా వస్తున్నందున చాలామంది దాన్ని ఆన్ చేసుకున్నారు, మంచి పనే చేశారు. వాళ్ల కాంటాక్ట్స్‌లో మీ కొత్త నంబరు లేకపోతే మీరూ వాళ్లకు అపరిచితులే. కాల్ వచ్చినట్టు వాళ్ల కాల్స్ జాబితాలో నమోదవుతుంది గానీ ఫోన్ మోగదు. ముందుగా ఒక మెసేజ్‌లో మీరెవరో చెప్పి నంబరు సేవ్ చేసుకోమనండి.

అవతలి వాళ్లు ఎత్తారు. కానీ ‘కనెక్టింగ్’ అని తిరిగి తిరిగి కట్టవుతోంది.

ఇక్కడి నుంచి సమస్య నెట్‌వర్క్ దారిది. కాల్ ఎత్తగానే రెండు ఫోన్లూ ఒకదానికొకటి నేరుగా చేరుకోవడానికి ప్రయత్నిస్తాయి, అది వీలుకాకపోతే మధ్యలో వాట్సాప్ రిలే సర్వర్ మీదుగా మాట్లాడుకుంటాయి. రెండు దారులూ మూసుకుంటేనే ‘కనెక్టింగ్’ తిరుగుతూ ఉండిపోతుంది.

దీన్ని పరీక్షించడం సులువు. వైఫై ఆపేసి మొబైల్ డేటాతో అదే వ్యక్తికి చేయండి. కలిస్తే దోషం మీ వైఫై నెట్‌వర్క్‌ది. ఆఫీసులు, కాలేజీ హాస్టళ్లు, ఆసుపత్రులు, హోటళ్లలోని వైఫైలో రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్ యూడీపీని ఆపేయడం మామూలు విషయం. మాదాపూర్‌లో ఏదో కంపెనీ వైఫైలో కూర్చుని మెసేజ్‌లు పంపగలిగి, కాల్ చేయలేకపోతే ఫోన్‌ను అనుమానించనక్కరలేదు. ఆ ఫైర్‌వాల్‌ను మార్చగలిగేది అక్కడి ఐటీ విభాగమే. హోటళ్లు, రైల్వే స్టేషన్లలో ఇంకో చిక్కు ఉంది. వైఫై గుర్తు కనిపిస్తున్నా, ఓటీపీ ఇచ్చే లాగిన్ పేజీ పూర్తి చేయనంతవరకు ఇంటర్నెట్ నడవదు.

మొబైల్ డేటాలోనూ కలవకపోతే ఫోన్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఉందేమో చూసి ఆపండి. ప్రకటనలు రాకుండా ఉండాలని ఫోన్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’లో (సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే సర్వర్‌ను ఎంచుకునే చోటు) ఏదైనా సర్వర్ పేరు పెట్టుకున్నవాళ్లు దాన్ని కాసేపు ‘ఆటోమేటిక్’కు మార్చి చూడాలి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ఈ సెట్టింగ్‌ను ఒకసారి మార్చి మరిచిపోయినవాళ్లు తక్కువేమీ కాదు. ఫోన్‌లో తేదీ, సమయం తప్పుగా ఉన్నా సర్వర్ భద్రతా పత్రాలను ఫోన్ నమ్మదు. అయితే అప్పుడు కాల్స్‌తో పాటు మెసేజ్‌లు కూడా ఆగిపోతాయి కనుక ఇట్టే తెలిసిపోతుంది.

రూటర్‌లో పోర్టులు తెరవాలని, ఎస్‌ఐపీ ఏఎల్‌జీ ఆపాలని చదివాను. చేయాలా?

ఇంటి కనెక్షన్‌కు చాలావరకు అక్కరలేదు. ఎస్‌ఐపీ ఏఎల్‌జీ అనేది ఆఫీసు డెస్కులపై ఉండే ఇంటర్నెట్ ఫోన్లు వాడే ఎస్‌ఐపీ పద్ధతికి సంబంధించినది. వాట్సాప్ కాల్‌కు దాన్ని ఆపినా, ఉంచినా ఒకటే.

పోర్టులంటే బయటి నుంచి కనెక్షన్ లోపలికి వచ్చే తలుపుల వంటివి, వాటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రూటర్ పేజీ తెరిచి ‘వ్యాన్ ఐపీ’ అనే చోట ఉన్న అంకెలు చూడండి. అవి 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ ఒకే బయటి చిరునామాను ఎంతోమంది ఖాతాదారులకు కలిపి పంచుతున్నట్టు అర్థం. ఆ అంకెల శ్రేణిని ఈ అవసరానికే 2012లో ప్రత్యేకంగా కేటాయించారు. అలాంటి కనెక్షన్‌లో మీ రూటర్‌లో పోర్టు తెరవడం వల్ల లాభం లేదు, ఎందుకంటే అసలు తలుపు మీ ఇంట్లో లేదు, ఆ సంస్థ దగ్గర ఉంది. అయినా కాల్ కలుస్తుంది, ఎందుకంటే రిలే సర్వర్ ఉన్నది ఇలాంటి కనెక్షన్ల కోసమే.

ప్రైవసీలో అడ్వాన్స్‌డ్ విభాగం కింద ‘ప్రొటెక్ట్ ఐపీ అడ్రస్ ఇన్ కాల్స్’ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే కాల్స్ అన్నీ వాట్సాప్ సర్వర్ మీదుగానే వెళ్తాయి, అవతలివారికి మీ ఐపీ చిరునామా తెలియదు, నాణ్యత కొంత తగ్గవచ్చు. నేరుగా కలవడంలోనే తడబడే కొన్ని నెట్‌వర్క్‌లలో దీన్ని ఆన్ చేసి చూడటం కూడా ఒక ప్రయత్నమే.

పగలంతా బాగుంటుంది. రాత్రయ్యేసరికి మాట ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. కారణం?

ముందు మీ రోజువారీ డేటా చూసుకోండి. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్‌లలో ఆ పరిమితి అయిపోయాక ఇంటర్నెట్ ఆగిపోదు, వేగం చాలావరకు 64 కేబీపీఎస్‌కు (సెకనుకు 64 కిలోబిట్లు) పడిపోతుంది. మెసేజ్‌లు వెళ్తూనే ఉంటాయి కనుక డేటా అయిపోయిందన్న సంగతే తోచదు.

64 కేబీపీఎస్‌లో కాల్ ఎందుకు నిలవదో లెక్క వేసి చూడవచ్చు. ఇంటర్నెట్ కాల్స్‌లో ఎక్కువగా వాడే ఓపస్ వంటి కోడెక్ (గొంతును కుదించి పంపే పద్ధతి) మాటను ఇరవై నాలుగు కేబీపీఎస్ ప్రాంతంలో శుభ్రంగా మోయగలదు. కానీ 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తే, ప్రతి ప్యాకెట్‌పైనా చిరునామా రాతలకు కనీసం 40 బైట్లు పోతాయి. ఆ రాతలే 16 కేబీపీఎస్ అవుతాయి. మొత్తం 40. మిగిలిన కొద్దిపాటి చోటులో గ్రూపుల్లో వచ్చే గుడ్ నైట్ వీడియోలు, ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు అన్నీ తోసుకుంటూ ఉంటే మాట ప్యాకెట్లు వెనుక నిలబడాల్సిందే. స్టోరేజ్ అండ్ డేటా సెట్టింగ్స్‌లో ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ ఆన్ చేసి, ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే కొంత నయం. చిన్న డేటా ప్యాక్ వేయించుకోవడం మాత్రం ఖాయమైన మార్గం.

డేటా మిగిలి ఉండి కూడా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్యే ఇబ్బంది వస్తుంటే, అది ఆ ప్రాంతంలోని టవర్‌పై పడుతున్న రద్దీ. ఇంట్లో వైఫై ఉంటే దానికి మారడం తప్ప మీరు చేయగలిగింది తక్కువ. ఇక వైఫైలోనే ముక్కలవుతుంటే, ఎవరైనా పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నారేమో కనుక్కోండి. మాట పైకి వెళ్లే దారిని అదే నింపేస్తుంది.

మాట్లాడుతూ ఇంటి నుంచి బయటికి వస్తే ‘రీకనెక్టింగ్’ అంటుంది.

వైఫై బలహీనపడి మొబైల్ డేటాకు మారినప్పుడు మీ ఫోన్ ఇంటర్నెట్ చిరునామాయే మారిపోతుంది, కాల్ కొత్త దారిని వెతుక్కోవాలి. రెండు మూడు సెకన్లలో కలిస్తే అది సహజమే. పది సెకన్లు పడుతుంటే, చచ్చీచెడీ అందుతున్న వైఫైని ఫోన్ వదలడం లేదన్నమాట. గేటు దాటే ముందే వైఫై ఆపేయడం మంచిది. ఇంట్లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి దూరం వెళ్తుంది గానీ పొరుగు రూటర్లు, మైక్రోవేవ్ అవెన్, బ్లూటూత్ అన్నీ అదే తరంగ శ్రేణిలో ఉంటాయి. రూటర్ ఉన్న గదిలోనే కూర్చుని మాట్లాడేవారికి 5 గిగాహెర్ట్జ్ మేలు.

రెండో సిమ్‌కు మామూలు ఫోన్ వస్తే వాట్సాప్ కాల్ చచ్చిపోతోంది. ఫోన్ పాడైందా?

పాడవలేదు. చాలా డ్యుయల్ సిమ్ ఫోన్లలో రెండు సిమ్‌లకు కలిపి రేడియో ఒక్కటే. రెండో సిమ్‌లో మాట్లాడుతున్నంతసేపు మొదటి సిమ్ డేటా ఆగిపోతుంది. కొన్ని ఫోన్లలో ‘కాల్ సమయంలో డేటా సిమ్ మార్చు’ అనే అర్థం వచ్చే సెట్టింగ్ ఉంటుంది. రెండో సిమ్‌లోనూ డేటా ప్లాన్ ఉంటే దాన్ని ఆన్ చేసుకోవచ్చు. వైఫైలో ఉంటే ఈ బాధ లేదు.

వాళ్ల మాట నాకు వినపడుతోంది, నా మాట వాళ్లకు వినపడటం లేదు.

అదే చాట్‌లో ఒక వాయిస్ మెసేజ్ రికార్డు చేసి మీరే విని చూడండి. అది కూడా నిశ్శబ్దంగా ఉంటే మైక్రోఫోన్ అనుమతి గానీ, మైక్ గానీ కారణం. ఆండ్రాయిడ్ 12 నుంచి, పై నుంచి కిందికి లాగితే వచ్చే ప్యానెల్‌లో మైక్‌ను మొత్తంగా ఆపేసే మీట ఒకటి పెట్టుకోవచ్చు. వేలు తగిలి అది ఆఫ్ అయితే ఏ యాప్‌లోనూ మీ గొంతు వెళ్లదు. రికార్డు స్పష్టంగా ఉండి కాల్‌లో మాత్రమే వినపడకపోతే బ్లూటూత్ వైపు చూడండి. పక్క గదిలో చార్జింగ్ పెట్టిన ఇయర్‌బడ్స్‌కో, వాకిట్లో ఉన్న కారుకో ఫోన్ కలిసిపోయి మైక్‌ను అక్కడి నుంచి తీసుకుంటూ ఉండవచ్చు.

రికార్డు మందంగా, దూరం నుంచి మాట్లాడినట్టు వస్తే ఫోన్ అడుగున చార్జింగ్ రంధ్రం పక్కనున్న చిన్న రంధ్రాన్ని వెలుతురులో చూడండి. దుమ్మూ, చెమటా కలిసి అక్కడ గట్టిపడుతుంది. మెత్తని పొడి బ్రష్‌తో తుడవాలి, సూది పెట్టి పొడవకూడదు.

నా మాటే నాకు తిరిగి వినపడుతోంది.

ప్రతిధ్వని ఎవరికి వినపడితే దోషం వారి ఫోన్‌లో ఉండదు. మీ మాట అవతలి ఫోన్ స్పీకర్‌లో నుంచి బయటికి వచ్చి, అక్కడి మైక్‌లోకే దూరి మీకు తిరిగి వస్తోంది. స్పీకర్ తగ్గించమని, లేదా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమని వాళ్లకు చెప్పండి.

మా అబ్బాయి దుబాయ్‌లో ఉన్నాడు. మెసేజ్‌లు వస్తాయి, కాల్ ఎప్పుడూ కలవదు.

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవారి ఇళ్లలో ఈ ప్రశ్న ఉంటూనే ఉంటుంది. ఇది ఫోన్ లోపం కాదు, అక్కడి నిబంధన. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి పొందిన యాప్‌ల ద్వారా మాత్రమే ఇంటర్నెట్ కాల్స్ చేయాలి, వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ అక్కడి నెట్‌వర్క్‌లలో ఆగిపోతాయి. ఇద్దరిలో ఒక్కరు ఆ దేశంలో ఉన్నా కాల్ నిలవదు. గల్ఫ్ దేశాలన్నిటిలోనూ నియమం ఒకటే అనుకోవద్దు. కువైట్‌లో ఉన్నవారితో మాట్లాడగలిగినంత మాత్రాన దుబాయ్‌కి కూడా కలవాలని లేదు.

వీపీఎన్ వేసుకోమని చెప్పేవాళ్లు దొరుకుతారు. ఆ దేశపు 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం, నేరం చేయడానికో, అది బయటపడకుండా ఉండటానికో వీపీఎన్ వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు జరిమానా, జైలు శిక్ష కూడా ఉన్నాయి. కూలి పనికి వెళ్లిన మనిషి అంత ప్రమాదం తలకెత్తుకోవడం తగదు. బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌ను రెండు వైపులా వేసుకుంటే సరిపోతుంది. వాయిస్ మెసేజ్‌లకు అక్కడ అడ్డు లేదు గనుక, తీరిక దొరికినప్పుడు వినేలా మాటలు రికార్డు చేసి పంపుకోవడం చాలా కుటుంబాలకు అలవాటైపోయింది.

అందరికీ ఒకేసారి ఆగిపోతే?

అప్పుడు దోషం సర్వర్లది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ నెట్‌వర్క్‌లో నిర్వహణ పనుల మధ్య జరిగిన పొరపాటు వల్ల వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగింది. 2022 అక్టోబరు 25న, దీపావళి మరునాడు, సుమారు రెండు గంటలు నడవలేదు. అలాంటి సమయంలో యాప్ తీసేసి మళ్లీ వేయడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

పూర్తిగా ఆగకుండా, విదేశీ కాల్స్ మాత్రమే ఆలస్యంగా వినపడే రోజులూ ఉంటాయి. 2025 సెప్టెంబరులో జెడ్డా సమీపంలో ఎర్ర సముద్రం అడుగున కేబుళ్లు తెగినప్పుడు ఇంటర్నెట్ రాకపోకలు వేరే చుట్టు దారులు పట్టాయి, మన దేశంలోనూ, గల్ఫ్‌లోనూ వేగం తగ్గింది. దారి పొడవు పెరిగితే ఒకరు ఆగాక రెండోవారు మొదలుపెట్టేలోగా మాటలు గుద్దుకుంటాయి. కేబుల్ బాగయ్యేదాకా చేయగలిగింది లేదు.

యాప్ తీసేసి మళ్లీ వేయమంటున్నారు. వేయాలా?

చివరి ప్రయత్నంగా తప్ప వద్దు. బ్యాకప్ లేకుండా తీసేస్తే ఆండ్రాయిడ్‌లో పాత చాట్‌లు పోయే ప్రమాదం ఉంది, పైన చెప్పిన కారణాలు చాలావరకు దీనివల్ల తీరవు. యాప్‌ను అప్‌డేట్ చేయడం, క్యాష్ క్లియర్ చేయడం సరిపోతాయి. క్యాష్ పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ జోలికి మాత్రం వెళ్లకండి.

వాట్సాప్ నుంచి 112కు ఫోన్ చేయవచ్చా?

చేయలేరు. అత్యవసర నంబర్లకు మామూలు ఫోన్ కాల్ చేయాలి.

ఇవన్నీ చేసినా కలవకపోతే ఎవరికి చెప్పాలి?

యాప్‌లోనే సెట్టింగ్స్, హెల్ప్ విభాగం నుంచి వాట్సాప్ సపోర్ట్‌కు రాయండి. ‘కాల్స్ రావడం లేదు’ అని ఒక్క ముక్క రాస్తే తిరుగు ప్రశ్నలే వస్తాయి. కాల్ చేసిన తేదీ, సమయం, ‘కాలింగ్’, ‘కనెక్టింగ్’, ‘రీకనెక్టింగ్’లలో ఎక్కడ ఆగింది, వైఫైనా మొబైల్ డేటానా, రెండు ఫోన్ల మోడళ్లు ఏమిటి అన్నవి రాయాలి. అంతేగానీ ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన ‘వాట్సాప్ కస్టమర్ కేర్’ నంబర్లకు ఫోన్ చేయకండి. అలాంటి నంబర్లు మోసగాళ్లవి. వాళ్లు స్క్రీన్ షేర్ చేయమనో, ఆరంకెల కోడ్ చెప్పమనో అడుగుతారు. ఇప్పటికే చెప్పి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి మామూలు ఫోన్ నుంచి కాల్ చేయాలి.